నాలుగో రోజు గట్టు

బండి ఇంకా ఇంటికి రానే లేదు. దాని పరదాల దగ్గర మాత్రం మూడు రోజులుగా పేచీ నడుస్తోంది.

“నీలం వేయించవే. మాపుకి ఆగుతుంది,” అంది అత్తగారు సుభద్రయ్యమ్మ.

“నీలమైతే లోపలంతా చీకటండీ అత్తయ్యగారూ. కూర్చున్నవాళ్ళకి ఊపిరాడదు. ముదురెరుపు వేయిద్దాం,” అంది పెద్దకోడలు రత్నమాణిక్యం.

“ఎరుపు పరదాలు చూస్తే దారినపోయేవాళ్ళంతా పెళ్ళికూతురు పోతోందనుకుంటారు. ఈ వయసులో నన్ను పెళ్ళికూతుర్ని చేస్తావేంటే?”

“మిమ్మల్ని చూస్తే ఎవరనుకుంటారండీ?”

“చూడకుండా ఉండడానికే కదుటే పరదా!”

గడప దగ్గర కూర్చుని చింతపండులో గింజలు తీస్తున్న చిన్నకోడలు సత్యవేణి ఈ మాటల్లో కలగజేసుకోలేదు. ఆమె చెవి సావిట్లో ఉంది. అక్కడ బావగారు నరసింహరాజు, ఏలూరు నుంచి వచ్చిన బళ్ళ ఏజెంటు సుందరరామయ్య మాట్లాడుకుంటున్నారు. తలుపు ఓరగా వేసి ఉంది. ఎనిమిదేళ్ళ కాపురంలో సత్యవేణి ఆ తలుపు దాటి బావగారి ఎదుటపడలేదు. ఆయన ఆమె మొహం చూసి ఎరగడు. ఆ ఇంట్లో మరదలికీ బావగారికీ మధ్య మాటలన్నీ అత్తగారి నోటి మీదుగానే నడవాలి. ఇద్దరికీ అన్నీ వినబడుతూనే ఉంటాయి, అయినా అలాగే నడవాలి.

“రెండు బళ్ళూ ఉన్నాయండీ రాజుగారూ,” అంటున్నాడు సుందరరామయ్య. “ఒకటి కారు. అదెలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. రెండోది స్టేషన్ వేగనండీ. జీపుకి ఇల్లు కట్టినట్టుంటుంది. ఎనిమిదిమంది కూర్చోవచ్చు. మామూలు రోడ్డు మీద వెనకచక్రాలే లాగుతాయి. బురదొచ్చిందనుకోండి, గేరు కర్ర పక్కన చిన్న కర్ర ఇంకోటుంటుంది. అది తోస్తే ముందుచక్రాలు కూడా లాగడం మొదలెడతాయి. ఫ్రంట్ గేరంటారండీ. అది వద్దనుకుంటే వద్దు, అది లేకుండా కూడా ఇస్తారు. కాస్త ధర తగ్గుతుంది.”

“ముందుచక్రాల పని దారి తిరగడం. వాటిచేత బండి కూడా లాగించడమేంటయ్యా?” అన్నాడు నరసింహరాజు. “వంటమనిషిచేత వంటా చేయించి, పల్లకీ కూడా మోయించినట్టుంది.”

“నాలుగు కాళ్ళ జంతువు ముందుకాళ్ళు కూడా వాడుకుంటుంది కదండీ.”

“తాడేపల్లిగూడెంలో తారురోడ్డు మీద తిరిగేవాళ్ళం. మాకెందుకయ్యా? అది బండా? ధాన్యం బస్తాలు వేసుకునే పెట్టె. కారే ఖాయం చేసెయ్యి.”

సత్యవేణి చింతపండు పళ్ళెం పక్కకి జరిపింది.

“అత్తయ్యగారూ,” అంది, సావిట్లోకి వినబడేంత గొంతుతో. “సంతకం నాది కదా, ఒక్కమాట అడగొచ్చేమో బావగారిని అడగండి.”

 బండి కొంటున్నది ఆమె డబ్బుతో. పెళ్ళిలో పసుపుకుంకుమ కింద తండ్రి రాసిచ్చిన పొలాన్ని పోయిన మాఘంలో అమ్మారు. ఆ డబ్బు ఏలూరు బ్యాంకులో ఆమె పేరున ఉంది. ఇంటి పాత కారు మూలపడింది కనక, ఇంటి బండి ఇంటి కోడలి డబ్బుతో కొంటే తప్పేంటని ఆలోచన చెప్పింది నరసింహరాజే. సత్యవేణి సరే అంది. అంత తేలిగ్గా ఎందుకు ఒప్పుకుందో ఎవరూ ఆలోచించలేదు. ఆమె మొగుడు విస్సంరాజు కూడా.

“ఏంటో అడగమనమ్మా,” అన్నాడు నరసింహరాజు.

“ఏంటో అడగమంటున్నాడే,” అంది సుభద్రయ్యమ్మ.

“ఇంటిల్లిపాదికీ కొనే బండి కదండీ. ఇంటిల్లిపాదీ ఎక్కి చూశాక కొంటే బాగుంటుంది. రెండు బళ్ళూ తెప్పించమనండి. అందరం మా నాన్న దగ్గరికి కొల్లేటి లంకకి వెళ్ళి, భోంచేసి వద్దాం. ఏది సుఖంగా ఉంటే దానికి సంతకం పెడతాను.”

సుభద్రయ్యమ్మ ఈ పొడుగాటి మాటని తన లెక్కలో కుదించింది. “వాళ్ళ నాన్న భోజనానికి పిలుస్తున్నాడురా. కొరమేను పులుసు.”

“లోడుతో చూడడమే మంచిదండీ,” అన్నాడు సుందరరామయ్య హుషారుగా.

 ఆ దారి పేరు ఆ ఇంట్లో ఏడాదిగా ఎవరూ ఎత్తలేదు.

పోయిన శ్రావణంలో పొద్దున్నే లంక నుంచి కబురొచ్చింది, సత్యవేణి తల్లికి మాట పడిపోయిందని. విస్సంరాజు అప్పుడు ఊళ్ళో లేడు. “దారి కాస్త ఆరనియ్యి, భోజనాలయ్యాక వెళ్దాం,” అన్నాడు నరసింహరాజు. కోడలు ఒంటరిగా వెళ్ళకూడదని అత్తగారూ, రత్నమాణిక్యం కూడా కారెక్కారు. గుండుగొలను దగ్గర పెద్దరోడ్డు దిగి కొల్లేటి గట్టు పట్టారు. లంక ఇంకో రెండు మైళ్ళుందనగా కారు దిగబడింది. సరస్సులో వలలు వేసుకుంటున్న మనుషులు దోనెలు ఒడ్డున పెట్టి వచ్చారు. వాళ్ళతో సత్తెమ్మ అని ఒక ఆడమనిషి ఉంది. “ఆడోళ్ళు దిగితే బండి తేలికవుద్దండీ రాజుగారూ, ఒక్క ఊపులో నెట్టేస్తారు మావోళ్ళు,” అంది. “మా ఇంటి ఆడవాళ్ళు గట్టు మీద కాలు పెట్టరు,” అన్నాడు నరసింహరాజు. “మగోళ్ళందరూ మొహాలు నీళ్ళవైపు తిప్పుకుంటారండీ,” అంది సత్తెమ్మ. నిజంగానే పన్నెండుమంది మగవాళ్ళు వెనక్కి తిరిగి సరస్సుని చూస్తూ నిలబడ్డారు. “గుండుగొలను వెళ్ళి ఎద్దుల్ని తీసుకురా,” అన్నాడు నరసింహరాజు డ్రైవరుతో.

రెండు మైళ్ళు. నడిస్తే ముప్పావుగంట. కారు తలుపు మీద సత్యవేణి చెయ్యి ఉంది. ఆ చెయ్యి మీద అత్తగారి చెయ్యి ఉంది. ఎద్దులు రావడానికి మూడుగంటల పదిహేను నిముషాలు పట్టింది. లంకకి చేరేసరికి, పొద్దు పోతోందని తల్లిని కాటికి తీసుకెళ్ళిపోయారు. వాకిట్లో ఆమె మంచం కడిగి గోడకి నిలబెట్టి ఉంది. ఇంకా నీళ్ళు కారుతున్నాయి.

సత్యవేణి ఏడవలేదు. బావగారిని ఒక్కమాట అనలేదు. ఏడాదిపాటు ఆయనకి వేళకి కాఫీ పంపింది, కంచంలో ఉప్పు తగ్గకుండా చూసుకుంది. లంకలో తండ్రి ఒక్కడే ఉన్నాడు. ఉబ్బసం మనిషి. వానాకాలం వస్తే ఆయనకి ఊపిరి అందదు. ఆయన మంచాన్ని మాత్రం అలా గోడకి నిలబెట్టి ఉండగా చూడనని ఆమె అనుకుంది. ఆ మాటతో పాటు ఇంకోమాట కూడా అనుకుంది. అది ఎవరికీ చెప్పలేదు.

“సరే,” అన్నాడు చివరికి నరసింహరాజు. ఏజెంటు ముందు భయపడ్డట్టు కనబడడం ఆయనకి ఇష్టం లేదు. “దారి ఆరాకే. ఏ రోజు వెళ్దామో అడగమ్మా.”

“వాన వెలిసి ఇవాళ్టికి రెండో రోజు కదండీ,” అంది సత్యవేణి. “ఎల్లుండి వెళ్దాం. నాలుగో రోజుకి గట్టు తెల్లబడిపోతుంది.”

అది అబద్ధం కాదు. నాలుగో రోజుకి కొల్లేటి గట్టు తెల్లబడుతుంది, పైన నెర్రెలు కూడా విచ్చుతుంది. వాన వెలిసిన రోజున నల్లగా మెరిసే ఆ మట్టిని చూసి ఎవరూ కాలు పెట్టరు కనక ప్రమాదం లేదు. నాలుగో రోజున పైఊరివాళ్ళు దాన్ని చూసి ఆరిందనుకుంటారు. ఆ ఆరిన పొర జానెడు మందం. దాని కింద మట్టి జున్నులా ఉంటుంది. పొర మనిషిని మోస్తుంది, మేకని మోస్తుంది, ఖాళీ బండిని కూడా ఒక్కోసారి మోస్తుంది. మనుషులెక్కిన కారుని మోయదు. లంకల్లో పుట్టిన పిల్లలకి ఈ సంగతి నడక వచ్చినప్పుడే తెలుస్తుంది. ఏడో రోజు దాటితే గాని వాళ్ళు ఎడ్లబండి కట్టరు.

ఎల్లుండి పొద్దున రెండు బళ్ళూ వాకిట్లోకి వచ్చాయి. కారు నల్లగా, పొట్ట నేలకి దగ్గరగా, నిగనిగలాడుతోంది. వేగన్ ఆకుపచ్చగా, మోటుగా, కాళ్ళెత్తుకుని నిలబడ్డట్టుంది. పరదాల పేచీ తెగలేదు కనక రెండింటికీ లోపల పాత దుప్పట్లు కట్టారు. కారుని నరసింహరాజే నడుపుతానన్నాడు. వెనక తల్లీ, భార్యా. వేగన్‌ని ఇంటి డ్రైవరు వరదానానికి ఇచ్చారు. యుద్ధంలో బర్మా సరిహద్దులో జీపులు తోలినవాడు. దాన్ని చూడగానే వాడి మొహం వెలిగింది. వాడి పక్కన సుందరరామయ్య. వెనక సత్యవేణి, విస్సంరాజు.

“నువ్వు కూడా కార్లోనే ఎక్కవే, ముగ్గురం కబుర్లు చెప్పుకుంటూ పోవచ్చు,” అంది సుభద్రయ్యమ్మ.

“రెండూ చూడాలి కదండీ అత్తయ్యగారూ. వచ్చేటప్పుడు అందులో వస్తాను.”

పెద్దరోడ్డు మీద కారు ముందు దూసుకుపోయింది. వేగన్ వెనక గడగడలాడుతూ వెళ్ళింది. “కాస్త కుదుపుందండీ, కాదనను,” అన్నాడు సుందరరామయ్య, టోపీ పట్టుకుని. గుండుగొలను దగ్గర గట్టు పట్టారు. సత్యవేణి దుప్పటి అంచు తొలగించి చూసింది. గట్టు తెల్లగా ఉంది. పైన నెర్రెలు కూడా ఉన్నాయి.

“బాగానే ఆరిందే,” అన్నాడు విస్సంరాజు.

ఆమె దుప్పటి అంచు వదిలేసింది.

ఎదురుబళ్ళు తప్పుకోడానికి గట్టుని ఒకచోట కొత్తమట్టి పోసి వెడల్పు చేశారు. పోయిన ఏడాది దిగబడింది అక్కడే. నరసింహరాజుకి ఆ చోటు గుర్తున్నట్టే ఉంది. అక్కడికి వచ్చేసరికి వేగం పెంచాడు, ఒక్క ఊపులో దాటేద్దామని. ముందుచక్రాలు దాటాయి. వెనకచక్రాల కింద పొర విరిగింది. కారు వెనకభాగం మనిషి పీట మీద కూర్చున్నట్టు చతికిలబడింది. ఆయన ఇంజను అరిపించాడు. చక్రాలు తిరిగినకొద్దీ నల్లమట్టి చిమ్మింది, కారు ఇంకా దిగింది. పొట్ట నేలకి ఆనుకుంది.

వరదానం వేగన్ ఆపాడు. సరస్సులో దోనెలు ఒక్కొక్కటే ఇటు తిరిగాయి. వలలు వదిలి పదిమంది గట్టెక్కారు. వాళ్ళ వెనకే సత్తెమ్మ, చీర మోకాళ్ళ దాకా ఎగదోపి.

“ఇదేంటండీ రాజుగారూ, కారు మార్చారు గానీ చోటు మార్చలేదే!” అంది.

నరసింహరాజు దిగాడు. దిగిన కాలు పిక్క దాకా పోయింది. చెప్పు లోపలే ఉండిపోయింది. రెండో కాలు దించే ముందు కాస్త ఆలోచించాడు. పంచె ఎత్తిపట్టుకుని వేగన్ దగ్గరికి వచ్చాడు.

“విస్సూ, తాడు తియ్యరా.”

విస్సంరాజు లేవబోయాడు. “కూర్చోండి,” అంది సత్యవేణి మెల్లిగా. ఆ గొంతు ఆయన ఎప్పుడూ వినలేదు. కూర్చున్నాడు.

“ఏజెంటుగారూ, తాడుందా?”

“ఉందండీ. రెండు నిముషాల పని,” అంటూ సుందరరామయ్య తలుపు మీద చెయ్యి వేశాడు. వెనక నుంచి “ఉండండి” అని వినబడితే ఆయన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

నరసింహరాజుకి అప్పుడర్థమైంది. దుప్పటి కట్టిన కిటికీ వైపు తిరిగాడు. మధ్యలో మాట మోయడానికి అత్తగారు లేదు. ఆవిడ కార్లో ఉంది.

“అమ్మాయ్,” అన్నాడు. “అమ్మ ఉంది లోపల. ఎండగా ఉంది.”

సత్యవేణి దుప్పటి పక్కకి లాగేసింది. ఆయన మొదటిసారి ఆమె మొహం చూశాడు. చూసి, ఎటు చూడాలో తెలియక బురద వంక చూశాడు.

“ఆ రోజు కూడా ఎండేనండీ బావగారూ,” అంది ఆమె. “మన ఇంటి ఆడవాళ్ళు గట్టు మీద కాలు పెట్టరని మీరే అన్నారు. అత్తయ్యగారు దిగుతానంటే చెప్పండి, వీళ్ళు నెట్టేస్తారు. దిగనంటే గుండుగొలను నుంచి ఎద్దులొస్తాయి. మూడుగంటల పదిహేను నిముషాలు పడుతుంది.”

ఆయన కారు వైపు తిరిగాడు. 

కార్లోంచి సుభద్రయ్యమ్మ గొంతు వినబడింది. “నేను దిగనురా! ఇంతమంది మగాళ్ళుండగా ఎలా దిగుతానురా!”

“చూశారా,” అంది సత్యవేణి.

అప్పుడే కారు రెండో తలుపు తెరుచుకుంది. రత్నమాణిక్యం దిగింది. ఒక కాలు దిగబడింది, తలుపు పట్టుకుని లాక్కుంది, ఇంకో అడుగు వేసింది. గట్టు మీదున్న మగవాళ్ళు ఎవరూ చెప్పకుండానే సరస్సు వైపు తిరిగిపోయారు.

“మాణిక్యం! ఎక్కు లోపల!” అన్నాడు నరసింహరాజు.

“మీరు అత్తయ్యగారికి తోడుండండి,” అంది ఆవిడ. “నాకు ఆకలేస్తోంది.”

వేగన్ దగ్గరికి వచ్చేసరికి ఆవిడకి మోకాళ్ళ దాకా బురద. సత్యవేణి చెయ్యి అందించింది. పోయిన ఏడాది పాత కార్లో ఇద్దరి మధ్య ఒక్కమాట నడిచింది. “దిగుదామంటావా?” అని రత్నమాణిక్యం చెవిలో అడిగింది. అడిగి, అత్తగారి మొహం చూసి ఊరుకుంది. ఆ ఊరుకున్నందుకు సత్యవేణి ఆవిణ్ణి కూడా ఏడాదిగా క్షమించలేదు. ఇప్పుడు ఆ బురద చెయ్యి పట్టుకుని పైకి లాగుతుంటే, ఇక క్షమించవలసింది ఏమీ మిగల్లేదనిపించింది.

“పోనియ్యి వరదానం,” అంది.

వరదానం అద్దంలో ఆమెని చూశాడు. పోయిన ఏడాది కారు తోలిందీ వాడే. ఎద్దులు తేవడానికి గుండుగొలను దాకా పరిగెత్తిందీ వాడే.  చిన్న కర్ర ముందుకి తోశాడు. వేగన్ కిందనుంచి కొత్త మోత ఒకటి మొదలైంది, మిల్లులో రెండో రాయి కూడా తిరగడం మొదలెట్టినట్టు. బండి కారుని చుట్టుకుని గట్టు వాలులోకి దిగి, ఒరిగి, నాలుగు చక్రాలతో మట్టిని కరుచుకుంటూ అవతల పైకి లేచింది. వెనక నరసింహరాజు ఒంటిచెప్పుతో నిలబడి ఉన్నాడు.

విస్సంరాజు ఆమె వైపు తిరిగాడు. “నీకు ముందే తెలుసు కదూ?”

“లంకలో పుట్టినదాన్నండీ.”

“అమ్మ పెద్దది సత్యా.”

“మా అమ్మా పెద్దదే.”

ఆయన కిటికీలోంచి సరస్సు చూస్తూ కూర్చున్నాడు. సుందరరామయ్య బండి గొప్పలు చెప్పడం మానేశాడు.

లంకలో తండ్రి వాకిట్లో ఎదురు చూస్తున్నాడు. రొప్పుతున్నాడు గానీ మొహం సంబరంగా ఉంది. సగంమందే దిగడం చూసి, “పెద్దవాళ్ళేరీ?” అన్నాడు. సత్యవేణి జరిగింది జరిగినట్టు చెప్పింది. ఆయన విని నులకమంచం మీద కూర్చున్నాడు.

“నా ఇంటికి భోజనానికి వస్తున్న చుట్టాలమ్మా వాళ్ళు.”

“వస్తారు నాన్నా. సాయంత్రం.”

“మీ అమ్మ ఉంటే ఇలా చేయనిచ్చేదా?”

“అమ్మ ఉంటే నాకీ పని ఉండేదే కాదు.”

ఆయన లేచాడు. ఒక కారియరులో అన్నం, పులుసు పెట్టించి, పాలేరుచేత దోనె మీద పంపించాడు. తను కంచం ముందు కూర్చోలేదు. సత్యవేణి కూర్చుంది. కొరమేను పులుసు రెండోసారి వేయించుకుంది. ఏడాదిగా ఆమెకి తిండి రుచి తెలియలేదు. ఆ రోజు తెలిసింది. పక్కన విస్సంరాజు మెతుకులు కెలుకుతుంటే, ఎదురుగా తండ్రి గోడకి ఆనుకుని కళ్ళు మూసుకుని ఉంటే, ఆమె వేళ్ళు నాక్కుంటూ మూడో ముక్క తీసుకుంది. రత్నమాణిక్యం ఆమె వంక చూసి మజ్జిగ గిన్నె దగ్గరికి జరిపింది.

తిన్నాక గోడ గడియారం చూసి కూర్చుంది. సుందరరామయ్య రెండుసార్లు వచ్చి గుమ్మంలో దగ్గి వెళ్ళాడు. ఆమె మూడోసారి ఆయన్ని పిలిచి కాసేపు మాట్లాడింది. ఆయన జేబులోంచి కాయితం తీసి ఏదో రాసుకున్నాడు. కారు దిగబడి మూడుగంటలు దాటాక, ఇంకో పావుగంట దాటనిచ్చి, లేచింది.

గట్టు మీద సంగతి ఆమె ఊహించుకున్నట్టు లేదు. కారు దుప్పట్లన్నీ ఊడదీసి పైన ఆరేసి ఉన్నాయి. గాలాడక సుభద్రయ్యమ్మే పీకేసింది. లోపల ఆవిడ కాళ్ళు చాపుకుని కూర్చుని జామపళ్ళు తింటోంది. బయట సత్తెమ్మ విసురుతోంది.

“దీనికి ఆరుగురు పిల్లలట,” అంది కోడళ్ళని చూసి, ఎవరి మీదా కోపం లేనట్టు. తర్వాత ఒక్కసారి అంతా గుర్తొచ్చినట్టు మొహం తిప్పేసుకుంది.

నరసింహరాజు గట్టు అంచున కూర్చుని ఉన్నాడు. కారియరు మూత తీయలేదు. ఎద్దుల కోసం పంపినవాళ్ళు ఇంకా రాలేదు. ఆయన లేచి, ఎవరూ చెప్పకుండానే వేగన్ వెనక నుంచి తాడు తీసుకుని, బురదలో కూర్చుని కారు కిందకి దూరి తనే కట్టాడు.  సత్యవేణి కిటికీలోంచి చూస్తూనే ఉంది. వరదానం మళ్ళీ చిన్న కర్ర తోశాడు. కారు చప్పుడు చేసి లేచింది. దాని మెరుపంతా పోయింది. మొత్తం రెండు నిముషాలు కూడా పట్టలేదు.

దీపాలు పెట్టేవేళకి ఇల్లు చేరారు. నూతి దగ్గర నరసింహరాజు స్నానం చాలాసేపు సాగింది. తర్వాత సావిట్లో పడక్కుర్చీలో వచ్చి కూర్చున్నాడు. సుభద్రయ్యమ్మ మంచమెక్కి కాళ్ళకి నూనె రాయించుకుంటోంది. విస్సంరాజు గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. రత్నమాణిక్యం దీపం వత్తి సరిచేస్తోంది. వరదానం మెట్ల దగ్గర తాళాలతో ఉన్నాడు.

“ఆ పెట్టెబండే తీసుకుందాంరా,” అన్నాడు నరసింహరాజు తమ్ముడితో. ఆ మాట అనడానికి ఆయనకి స్నానమంతా పట్టినట్టుంది. “ఫ్రంట్ గేరున్నదే. అందరికీ పనికొస్తుంది. అమ్మ వెన్నుకి కూడా అదే నయం. అమ్మాయితో చెప్పమ్మా, సంతకం పెట్టమను.”

సుభద్రయ్యమ్మ మెడ తిప్పింది, మాట అందించడానికి. అందించవలసిన మనిషి తలుపు దాటి వచ్చి సావిడి మధ్యలో నిలబడి ఉంది. తలమీద కొంగు ఉంది. మొహం దాచుకోలేదు. గొంతు పెంచలేదు కూడా, రేపటి కూర ఏమిటో చెబుతున్నట్టుంది.

“ఆ బండే తీసుకున్నానండీ. నా పేరున రాయించమని ఏజెంటుగారితో చెప్పేశాను. రేపు ఏలూరు వెళ్ళి సంతకం పెడతాను. ఎల్లుండి అందులో నాన్న దగ్గరికి వెళ్తున్నాను. వరదానం వస్తానన్నాడు. వానలు పూర్తిగా వెళ్ళేదాకా నేనూ అక్కడే ఉంటాను, బండీ అక్కడే ఉంటుంది.”

“ఇంటి బండి కదుటే!” అంది సుభద్రయ్యమ్మ.

 సత్యవేణి మొగుడి వైపు ఒకసారి, తోడికోడలి వైపు ఒకసారి చూసింది.

“ఆయనా, అక్కయ్యా ఎప్పుడు రావాలన్నా గుండుగొలను దగ్గర బస్సు దిగి కబురు పెడితే బండి పంపిస్తాను,” అంది. “మిగతావాళ్ళకి పంపను.”